యాంటీబయాటిక్ నిరోధకత: నాలుగు శాస్త్రాల పరిశోధనలు

బ్యాక్టీరియాను చంపడానికో, పెరగకుండా ఆపడానికో వాడే మందు దానిమీద పనిచేయకపోవడమే యాంటీబయాటిక్ నిరోధకత. ఆసుపత్రుల్లో రెసిస్టెన్స్ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. 2019లో ప్రపంచం మొత్తమ్మీద 12.7 లక్షల మంది నేరుగా దీనివల్లే చనిపోయారనీ, 49.5 లక్షల మరణాలతో దీనికి సంబంధం ఉందనీ 2022 జనవరిలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. చాలాకాలం దీన్ని వైద్యుల సమస్యగా, సూక్ష్మజీవశాస్త్రవేత్తల సమస్యగా మాత్రమే చూశారు. గత 20 ఏళ్ల పరిశోధనలు ఆ గీత చెరిపేశాయి. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే నీటిని కొలిచిన ఇంజినీర్లు, కోట్లాది జన్యు శకలాలను కంప్యూటర్లలో జల్లెడ పట్టినవారు, మందుల షాపు కౌంటరు దగ్గర ఏం జరుగుతుందో గమనించిన ఆర్థికవేత్తలు కలిస్తేగానీ సమస్య పూర్తి రూపం బయటపడలేదు. ఈ పరిశోధనల చరిత్రలో హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరుకు ఒక చేదు ప్రత్యేకత ఉంది. మాత్ర మింగే మనిషి మీద పెట్టినంత దృష్టి మురుగునీటి మీద పెట్టకపోతే ఏమవుతుందో ప్రపంచానికి చూపిన చోటు అది.

గాజు పళ్లెంలో కనిపించేది

రోగి మూత్రమో చీమో కల్చర్ పరీక్షకు పంపితే ల్యాబులో జరిగే పని ఇదీ. నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి, అగార్ పోసి గట్టిపరచిన పళ్లెం మీద దూదిపుల్లతో సమంగా పులుముతారు. ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలను దాని మీద దూరదూరంగా అమర్చి, 35 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి పళ్లెం నిండా తెల్లని పొర పరుచుకుంటుంది. మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, రిపోర్టులో ఆ మందు పేరు పక్కన ఎస్ (లొంగుతుంది) అనో ఆర్ (లొంగదు) అనో రాస్తారు. బిళ్ల అంచుదాకా పొర పాకిందంటే ఆ మందు ఆ రోగికి దండగే. ఈ పద్ధతికి అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బావర్, కర్బీ బృందం 1966లో ప్రామాణిక రూపమిచ్చింది. ఖరీదైన యంత్రాలు వచ్చాక కూడా జిల్లా స్థాయి ల్యాబుల్లో ఇదే ఆధారం.

నిరోధకత మందుల వాడకం పెరిగాక పుట్టిందన్న అభిప్రాయం జనంలో ఉంది. అది సగమే నిజం. పెన్సిలిన్ ఇంకా మార్కెట్లోకి రాకముందే, 1940లో, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఎడ్వర్డ్ ఏబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ ఆ మందును నాశనం చేసే ఎంజైమును బ్యాక్టీరియాలో కనుగొని నేచర్ పత్రికలో ప్రకటించారు. నేలలోని బూజులు, బ్యాక్టీరియా ఒకదానిపై ఒకటి రసాయనాలు ప్రయోగించుకోవడం కోట్ల ఏళ్లుగా సాగుతున్నదే. మనం చేసిందల్లా లొంగనివాటికి తిరుగులేని అవకాశం ఇవ్వడం.

ఆ అవకాశం ఎలా పనిచేస్తుందో తేల్చింది 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ చేసిన ప్రయోగం. వాళ్ల ముందున్న ప్రశ్న సూటిది. ప్రమాదం ఎదురయ్యాక బ్యాక్టీరియా తట్టుకునే శక్తి తెచ్చుకుంటుందా, లేక తట్టుకునేవి కొన్ని ముందే ఉంటాయా? లూరియా ఒకే రకం ఇ.కోలై బ్యాక్టీరియాను అనేక గొట్టాల్లో విడివిడిగా పెంచి, ఒక్కో గొట్టంలోని సరుకును ఆ బ్యాక్టీరియాను చంపే వైరస్ ఉన్న పళ్లెం మీద పోశాడు. వైరస్ తగిలాకే శక్తి వస్తే అన్ని పళ్లేల్లోనూ బతికినవాటి సంఖ్య దాదాపు సమానంగా ఉండాలి. అలా జరగలేదు. చాలా పళ్లేల్లో ఒక్కటీ మిగల్లేదు, కొన్నింట్లో మాత్రం వందలకొద్దీ మొలిచాయి. ఏ గొట్టంలో తొలినాళ్లలోనే యాదృచ్ఛికంగా జన్యుమార్పు వచ్చిందో, అక్కడ దాని సంతానమంతా బతికిందన్నమాట. జూదపు యంత్రం దగ్గర ఎప్పుడో ఒకసారి నాణేలు ఒక్కసారిగా రాలడం చూసినప్పుడు తనకు ఈ ఆలోచన తట్టిందని లూరియా తరవాత చెప్పాడు. సంఖ్యల చెదురును బట్టి జీవశాస్త్ర సత్యాన్ని రాబట్టిన ఈ పద్ధతి గణాంకశాస్త్రానికీ పాఠ్యాంశమైంది. 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు మఖమల్ గుడ్డతో ఒక పళ్లెం మీది కాలనీలను అదే వరసలో మరో పళ్లెం మీదికి అద్ది, మందును ఎన్నడూ చూడని బ్యాక్టీరియాలోనూ నిరోధకత ఉండగలదని ప్రత్యక్షంగా చూపారు.

అంతకంటే కలవరపెట్టే వార్త జపాన్ నుంచి వచ్చింది. 1950లలో అక్కడి రక్త విరేచనాల రోగుల్లో ఒకేసారి నాలుగు మందులకు లొంగని షిగెల్లా అనే బ్యాక్టీరియా కనబడింది. జన్యుమార్పులు ఒక్కొక్కటిగా రావడంతో దీన్ని వివరించలేం. నిరోధక జన్యువుల మూట ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతికి నేరుగా చేతులు మారుతోందని జపాన్ పరిశోధకులు కనిపెట్టారు. ఆ మూటలే ప్లాస్మిడ్లు. త్సుతోము వతనాబె 1960లలో రాసిన సమీక్షలతో ఈ సంగతి పాశ్చాత్య దేశాలకు తెలిసింది. కడుపులోని నిరపాయకర బ్యాక్టీరియా కూడా రోగకారక బ్యాక్టీరియాకు ఈ జన్యువులను అందించగలదు. ఆ తరవాత పుట్టిన పర్యావరణ పరిశోధన మొత్తం ఈ ఒక్క అంశం మీదే నిలబడింది.

పరిణామం ఎంత వేగంగా నడుస్తుందో కళ్లకు కట్టినది 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన రాయ్ కిషోని బృందం ప్రయోగం. వాళ్లు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్లెం తయారుచేశారు. రెండు అంచుల్లో మందు లేదు. లోపలికి వెళ్లేకొద్దీ పట్టీలు పట్టీలుగా మోతాదు పెరుగుతుంది, నడిమి పట్టీలో వెయ్యిరెట్లు. అంచుల్లో వదిలిన ఇ.కోలై తొలి గీత దగ్గర ఆగుతుంది. కాసేపటికి ఒకచోట తెల్లని విసనకర్రలా విచ్చుకుంటుంది. తట్టుకునే ఒక్క కణం గీత దాటిందన్నమాట. అది మళ్లీ తరవాతి గీత దగ్గర ఆగి, మరో మార్పుతో దాటుతుంది. ట్రైమెథోప్రిమ్ మందును వెయ్యిరెట్ల మోతాదులో తట్టుకోవడానికి దానికి పట్టింది పది రోజులు. కెమెరా తీసిన ఆ దృశ్యాన్ని వైద్య విద్యార్థులందరికీ ఒక్కసారైనా చూపించాలి.

పీపాలు, ధరలు, దాణా

యాంటీబయాటిక్ కథలో ఇంజినీర్ల వంతు సాధారణంగా మరుగున పడుతుంది. 1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూసిన బూజు నుంచి తీసిన పెన్సిలిన్ 1940 మేలో ఆక్స్‌ఫర్డ్ ఎలుకలను బతికించినా, మనుషులకు సరిపడా మందు తీయడం ఎవరికీ చేతకాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో నార్మన్ హీట్లీ మంచం పక్కన వాడే మలపాత్రల ఆకారంలో పింగాణీ గిన్నెలు చేయించి బూజు పెంచాడు. 1941లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఆ మందు ఇస్తే కోలుకున్నట్టే కోలుకున్నాడు. మూత్రంలోంచి మందును తిరిగి తీసి ఎక్కించినా సరిపోలేదు, మందు అయిపోయాక చనిపోయాడు.

అమెరికాలోని పియోరియాలో ఉన్న ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాల దీనికి దారి చూపింది. మొక్కజొన్న పిండి పరిశ్రమలో మిగిలే చిక్కటి ద్రవం కలిపితే దిగుబడి బాగా పెరిగింది. 1943లో మార్కెట్లో దొరికిన ఖర్బూజా మీది బూజు అన్నిటికంటే మెరుగైనదని తేలింది. పైపైన పెరిగే బూజును లోతైన పీపాల్లో పెంచాలంటే క్రిములు లేని గాలిని నిరంతరం లోపలికి ఊదాలి, కలుపుతూ ఉండాలి, నురగ అణచాలి, వేడి తీసేయాలి. సిట్రిక్ ఆమ్లం తయారీలో ఆరితేరిన ఫైజర్ కంపెనీ బ్రూక్లిన్‌లోని పాత ఐస్ ఫ్యాక్టరీని మార్చి 1944 మార్చిలో ఇలాంటి పీపాలను నడిపించింది. తొలి వాణిజ్య పెన్సిలిన్ ప్లాంటు రూపకల్పనలో ముఖ్యురాలు మార్గరెట్ హచిన్సన్ రూసో. ఎంఐటీలో కెమికల్ ఇంజినీరింగ్ డాక్టరేట్ పొందిన తొలి మహిళ ఆమె. 1943లో డోసు 20 డాలర్లున్న పెన్సిలిన్ 1946 నాటికి 55 సెంట్లకు దిగింది. చవకతనం లక్షల ప్రాణాలు కాపాడింది. ఆ చవకతనమే అనవసర వాడకానికీ తలుపు తీసింది. 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలోనే ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదు వాడితే లొంగని క్రిములను మనమే తయారుచేసినట్టవుతుందని హెచ్చరించాడు.

తెలుగువారికి ఈ చరిత్రలో గర్వించదగిన భాగం ఉంది. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతిగా ఉన్నప్పుడు, ఆయన విభాగంలో పనిచేసిన వయోవృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ నేల నమూనా నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఇదే. మందు లోకానికి వెల్లడైన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ వెంటనే అదే లెడర్లీలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేపి చూశారు. పిల్లలు మామూలుకంటే త్వరగా బరువెక్కాయి. 1950లో ఆ సంగతి ప్రకటించాక కోళ్ల దాణాలో, పందుల దాణాలో యాంటీబయాటిక్ కలపడం ప్రపంచమంతా మొదలైంది. స్వీడన్ 1986లో ఈ అలవాటును నిషేధించింది, ఐరోపా సమాఖ్య మొత్తం ఆపడానికి 2006 దాకా పట్టింది.

క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ మీద బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1948లో వెలువరించిన అధ్యయనం రెండు కారణాలకు ముఖ్యమైనది. యుద్ధానంతర బ్రిటన్ దగ్గర డాలర్లు లేవు, మందు అందరికీ సరిపోదు. అందుకే 107 మంది క్షయరోగుల్లో ఎవరికి మందు, ఎవరికి పడక విశ్రాంతి మాత్రమే అన్నది చీట్ల పద్ధతిలో తేల్చడం న్యాయమేనని ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ వాదించాడు. ఆధునిక వైద్య ప్రయోగాల నిర్మాణానికి అది పునాది అయింది. ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, తీసుకోని 52 మందిలో 14 మంది చనిపోయారు. ఐదేళ్లు గడిచేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. క్షయ బ్యాక్టీరియా మందుకు అలవాటుపడటమే అందుకు కారణం. ఒకటికి మించిన మందులు కలిపి ఇవ్వాలన్న నేటి నియమం అప్పుడే పుట్టింది.

పటాన్‌చెరు నమూనా

ఔషధ ముడిసరుకు తయారీలో హైదరాబాద్ దేశానికే కేంద్రం. 1960లలో ప్రభుత్వరంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ రాకతో మొదలై, తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చే 1970 చట్టంతో పెరిగిన పరిశ్రమ ఇది. పేద దేశాలకు చవక మందులు అందాయంటే అందులో ఈ నగరం శ్రమ చాలా ఉంది. అందుకే దీని రెండో పార్శ్వాన్ని దాచకుండా చెప్పుకోవాలి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ఒక చిన్న పరిశోధనా పత్రం ప్రచురించింది. పటాన్‌చెరు ప్రాంతంలోని సుమారు 90 బల్క్ డ్రగ్ (ఔషధ ముడిసరుకు) కంపెనీల వ్యర్థజలాలు ఒకే ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వచ్చేవి. శుద్ధి అయ్యాక బయటికి వదులుతున్న నీటిని ఈ బృందం పరీక్షించింది. మురుగునీటిలో మందుల అవశేషాలను అప్పటివరకు ప్రపంచంలో ఎక్కడైనా లీటరుకు మైక్రోగ్రాముల్లోనే లెక్కించేవారు. ఇక్కడ సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో చేరే గరిష్ఠ మోతాదును మించిన సంఖ్య అది. రోజుకు సుమారు 45 కిలోల మందు నీళ్లలో పోతోందనీ, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడేది అంతేననీ పత్రం లెక్క చెప్పింది. శుద్ధి కేంద్రం నుంచి నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసేది.

శుద్ధి చేశాక కూడా అంత మందు ఎందుకు మిగిలింది? ఇలాంటి కేంద్రాల్లో నీటిని శుభ్రం చేసేది బ్యాక్టీరియానే. గాలి ఊదిన తొట్టెల్లో అవి సేంద్రియ పదార్థాన్ని తినేస్తాయి. ఆ తొట్టెలోకే వాటిని చంపే మందు వచ్చి పడితే, తట్టుకోగలిగినవే మిగిలి పనిచేస్తాయి. పైగా కావలసినంత తిండి, గాలి, ఇరుకు సహవాసం దొరకడంతో ప్లాస్మిడ్లు చేతులు మారడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. శుద్ధి తొట్టె మొండి బ్యాక్టీరియాను ఎంపిక చేసే తొట్టెగా మారుతుంది. 2013లో వచ్చిన మరో అధ్యయనం ఈ అనుమానాన్ని రుజువు చేసింది. ఆ కేంద్రం నుంచి తీసిన 93 బ్యాక్టీరియా రకాలను 39 మందులతో పరీక్షిస్తే, వాటిలో 86 శాతం 20 లేదా అంతకు మించి మందులకు లొంగలేదు. వాగు అడుగు బురదలోని జన్యు పదార్థాన్ని మొత్తంగా చదివిన 2011 నాటి పత్రం, శుద్ధి కేంద్రానికి దిగువన నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్ శకలాలు గుట్టలుగా ఉన్నాయని చూపింది. అదే ప్రాంతంలోని కాజీపల్లి చెరువు మీద 2014లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే కథ.

ఢిల్లీ మీద వచ్చిన అధ్యయనం ఇంతకంటే ఎక్కువ దుమారం రేపింది. ఎన్‌డీఎం-1 జన్యువు చివరి అస్త్రాలుగా దాచుకున్న కార్బపెనెమ్ మందులను పనికిరాకుండా చేస్తుంది. టిమోతీ వాల్ష్ బృందం 2011లో ఢిల్లీలోని 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింట్లో, రోడ్డు పక్కన నిలిచిన నీటి 171 నమూనాల్లో 51లో ఆ జన్యువును గుర్తించింది. జన్యువుకు న్యూఢిల్లీ పేరు పెట్టడం మీద మనదేశంలో కోపం రావడం సహజమే. కానీ ఆ కోపంలో కుళాయి నీటి సంగతి వెనక్కి పోయింది, దానికి ఎక్కువ బాధపడాలి.

ఎంత మోతాదు వదిలితే ప్రమాదం? స్వీడన్‌లోని ఉప్సలాలో డాన్ ఆండర్సన్ బృందం 2011లో, బ్యాక్టీరియాను చంపలేనంత స్వల్ప మోతాదులో కూడా నిరోధకత ఉన్నవే పైచేయి సాధిస్తాయని చూపింది. దాన్ని ఆధారం చేసుకుని 2016లో బెంగ్ట్‌సన్-పాల్మె, లార్సన్ ఒక్కో మందుకు సురక్షిత హద్దును అంచనా వేశారు. సిప్రోఫ్లోక్సాసిన్‌కు అది లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. పటాన్‌చెరు సంఖ్య దీనికి దాదాపు ఐదు లక్షల రెట్లు. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో బల్క్ డ్రగ్ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది ప్రకటనలో ఆ హద్దులు లేవు. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తొలి మార్గదర్శకాలను 2024 సెప్టెంబరులో విడుదల చేసింది.

కంప్యూటర్లకు అప్పగించిన పని

బురదలోని జన్యువులను చదవడం ఒక ఎత్తు, చదివినదాన్ని అర్థం చేసుకోవడం మరో ఎత్తు. ఒక్క నమూనాలోనే కోట్లాది చిన్న శకలాలు వస్తాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నిర్వహించే కార్డ్, డెన్మార్క్ వారి రెస్‌ఫైండర్ వంటి జన్యు భాండారాలతో వాటిని పోల్చి, ఏ మందుకు నిరోధక జన్యువు ఎంత మేరకు ఉందో లెక్కిస్తారు. 2019లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం నాయకత్వంలో 60 దేశాల్లోని 79 చోట్ల నుంచి తెచ్చిన మురుగునీటి నమూనాలను ఇలాగే చదివారు. ఒక్కో రోగి రక్తం తీయనక్కర్లేదు, అనుమతులూ తక్కువే. నగరం మొత్తం కడుపు ఒక్క సీసాలో పరీక్షకు వస్తుంది. ఇదే ఆలోచనతో 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగర మురుగునీటిలో కరోనా వైరస్ జాడలు కొలిచి, సుమారు ఆరు లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు.

కొత్త మందుల వేటలో కంప్యూటర్ వార్తలకెక్కింది మాత్రం 2020లో. ఎంఐటీలో జేమ్స్ కాలిన్స్, రెజీనా బార్జిలే బృందం 2,335 అణువుల్లో ఏవి ఇ.కోలై పెరుగుదలను ఆపుతాయో ముందు ల్యాబులో కొలిచి, ఆ ఫలితాలతో కృత్రిమ నాడీజాలానికి శిక్షణ ఇచ్చింది. ఆపై సుమారు ఆరు వేల అణువుల జాబితా చూపితే అది ఎంచినవాటిలో ఒకటి మధుమేహం కోసం పరీక్షించి వదిలేసిన పదార్థం. దానికి హాలిసిన్ అని పేరు పెట్టారు. ఎలుకల్లో అది పనిచేసింది. 30 రోజులు పెంచినా ఇ.కోలై దానికి నిరోధకత తెచ్చుకోలేదు. 2023లో ఇదే దారిలో ఎసినెటోబ్యాక్టర్ బౌమనీ మీద మాత్రమే పనిచేసే అబాసిన్ దొరికింది. ఈ ఫలితాలు ఉత్సాహాన్నిస్తాయి. అయితే ఎలుక నుంచి మనిషికి వెళ్లే దారిలో యంత్రం చేయగలిగేది తక్కువ. ఆ దారిలో అడ్డం పడేది ఎక్కువగా డబ్బు.

డబ్బు లెక్కలు

కొత్త యాంటీబయాటిక్ వస్తే వైద్యులు దాన్ని దాచుకుంటారు, మిగతావన్నీ విఫలమైతేనే తీస్తారు. ప్రజారోగ్యానికి అదే సరైన పని, కంపెనీకి అదే చావుదెబ్బ. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి చెందిన అకోజెన్ కంపెనీ ప్లాజోమైసిన్‌కు 2018 జూన్‌లో అనుమతి పొందింది. ఆ ఏడాది అమ్మకాలు పది లక్షల డాలర్లు కూడా దాటలేదు, 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. మందు హక్కులను తరవాత సిప్లా అమెరికా విభాగం కొనుక్కుంది. ఎంత అమ్మితే అంత లాభం అన్న పద్ధతి ఇక్కడ పనికిరాదని ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. బ్రిటన్ 2022లో ఆ సలహా పాటించింది. సెఫిడెరోకాల్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే రెండు మందులకు, ఎన్ని డోసులు వాడారన్నదానితో సంబంధం లేకుండా, ఒక్కోదానికి ఏడాదికి కోటి పౌండ్ల దాకా చెల్లించేందుకు ఒప్పందం చేసుకుంది.

నష్టం అంచనాల మీద పెద్ద చర్చే నడిచింది. ఆర్థికవేత్త జిమ్ ఓనీల్ నాయకత్వాన బ్రిటన్ ప్రభుత్వం వేయించిన సమీక్ష, 2050 నాటికి ఏటా కోటి మరణాలు, మొత్తమ్మీద 100 లక్షల కోట్ల డాలర్ల నష్టం అని 2014లో ప్రకటించింది. ఆ కోటి సంఖ్య పత్రికల్లో పాతుకుపోయింది. పరిమిత సమాచారం మీద, నిరోధకత ఒక్కసారిగా ఎగబాకుతుందన్న ఊహ మీద ఆధారపడిన లెక్క అని 2016లోనే డి క్రేకర్ తదితరులు విమర్శించారు. ఆ విమర్శ సబబైనదే. 2024లో లాన్సెట్ ప్రచురించిన విస్తృత అధ్యయనం 2050లో నేరు మరణాలను 19.1 లక్షలుగా, 2025 నుంచి 2050 వరకు మొత్తం 3.9 కోట్లుగా అంచనా వేసింది. ఈ లెక్కల్లో నేరు మరణం అంటే, అదే ఇన్‌ఫెక్షన్ మందుకు లొంగే రకమైతే ఆ మనిషి బతికేవాడని అర్థం. అసలు ఆ ఇన్‌ఫెక్షనే లేకపోతే బతికేవాడన్నది సంబంధం ఉన్న మరణం. పేపర్లో సంఖ్య చదివేటప్పుడు ఇందులో ఏదో చూసుకోవాలి.

మనుషుల ప్రవర్తన మీద జరిగిన క్షేత్ర ప్రయోగాలకు ఇంత ప్రచారం దక్కలేదు, విలువ మాత్రం ఎక్కువ. ఇంగ్లండ్‌లో 2014లో ఎక్కువగా యాంటీబయాటిక్స్ రాసే క్లినిక్కులకు, మీ ప్రాంతంలో 80 శాతం క్లినిక్కుల కంటే మీరే ఎక్కువ రాస్తున్నారని ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి ఒక ఉత్తరం రాశారు. ఆరు నెలల్లో రాతలు 3.3 శాతం తగ్గాయి. ఖర్చు ఒక ఉత్తరం. మనదేశంలో ఢిల్లీ, ముంబయి, పట్నా మందుల షాపులకు 2014-15లో శిక్షణ పొందిన నకిలీ రోగులను పంపారు. దగ్గు, జ్వరం అని మాత్రమే చెప్పినప్పుడు మూడో వంతుకు పైగా సందర్భాల్లో యాంటీబయాటిక్ చేతిలో పెట్టారు. క్షయ నిర్ధారణ రిపోర్టు చూపినప్పుడు అది సగంకంటే తక్కువకు తగ్గిపోయింది. క్షయ మందులను చీటీ లేకుండా ఒక్క షాపు కూడా ఇవ్వలేదు. షాపువాడికి జబ్బేమిటో తెలిస్తే జాగ్రత్తపడతాడని, పరీక్ష లేకపోవడమే అసలు సమస్య అని ఈ అధ్యయనం చెబుతోంది. ప్రతి తప్పునూ మందుల షాపు మీదికి తోసే అలవాటును ఇది ప్రశ్నిస్తుంది.

మాత్ర ఒక్కటే కాదు

భారత్‌లో యాంటీబయాటిక్ వాడకం 2000 నుంచి 2015 మధ్య రెట్టింపయింది, 320 కోట్ల రోజువారీ మోతాదుల నుంచి 650 కోట్లకు. ఆ సంఖ్య చూస్తే వాడకం తగ్గించడమే మందు అనిపిస్తుంది. కానీ పీటర్ కొలిన్యన్ బృందం 2018లో 103 దేశాల సమాచారాన్ని పోల్చినప్పుడు, నిరోధకత తేడాలను వాడకం కంటే పారిశుధ్యం, మౌలిక వసతులు, పాలన నాణ్యత బాగా వివరించాయి. పైన చెప్పిన 60 దేశాల మురుగునీటి అధ్యయనం తీర్పు కూడా ఇదే. 2019లో జనాభా నిష్పత్తిలో మరణాలు అత్యధికంగా ఉన్నది పశ్చిమ ఆఫ్రికాలో, లక్షకు 27.3. అది మందుల వాడకం అత్యధికంగా ఉన్న చోటు కాదు. మంచినీరు, మరుగుదొడ్లు, సమయానికి సరైన మందు లేని చోటు. మొండి బ్యాక్టీరియా పుట్టడానికి మాత్ర కారణం కావచ్చు, ఇంటింటికీ చేరవేసేది మాత్రం కలుషిత నీరే.

మందు ఇవ్వడం తప్పని కూడా తేలిగ్గా అనలేం. నైజర్, మలావి, టాంజానియా పల్లెల్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు అజిత్రోమైసిన్ ఇచ్చి చూసిన ప్రయోగంలో పిల్లల మరణాలు 13.5 శాతం తగ్గాయని 2018లో తేలింది. ఆ పల్లెల్లోనే ఆ మందుకు నిరోధకతా పెరిగింది. ఆ తల్లుల ముందు నిలబడి మందు ఆపేయాలని ఏ పరిశోధకుడు చెప్పగలడు? శుభ్రమైన నీరు ముందే అందించి ఉంటే ఈ చిక్కు ఇంత పదునుగా ఉండేది కాదు.

నియంత్రణ ఫలితమిస్తుందనడానికి గట్టి సాక్ష్యం చైనాలో దొరికింది. అన్ని మందులూ విఫలమైనప్పుడు వాడే కొలిస్టిన్‌ను అక్కడ పందుల దాణాలో కలిపేవారు. దానికి నిరోధకత తెచ్చే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ప్రయాణిస్తోందని 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలే ప్రకటించారు. ప్రభుత్వం 2017 ఏప్రిల్ చివరి నుంచి దాణాలో కొలిస్టిన్‌ను నిషేధించింది. 2015లో 27,170 టన్నులున్న ఉత్పత్తి 2018లో 2,497 టన్నులకు పడిపోయింది. మనుషుల కడుపులో ఎంసీఆర్-1 ఉన్న ఇ.కోలై 2016లో 14.3 శాతం మందిలో ఉండగా 2019కి 6.3 శాతానికి దిగింది. నిషేధానికి ముందూ తరవాతా కొలిచారు కాబట్టే ఈ సంగతి తెలిసింది.

భారత ప్రభుత్వం 2019 జులైలో కోళ్లు, పశువులు, ఆక్వా సాగులో కొలిస్టిన్‌ను నిషేధించింది. రొయ్యల ఎగుమతుల్లో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం. మన రొయ్యల్లో మందుల అవశేషాల భయంతో ఐరోపా సమాఖ్య 2016లో తనిఖీలను సగం సరుకుకు పెంచింది. ఎగుమతి సరుకుకు ఈ పరీక్షలు విదేశీ కొనుగోలుదారు కోసం జరుగుతున్నాయి. కోళ్ల ఫారాలూ రొయ్యల చెరువులూ పక్కపక్కనే ఉన్న గోదావరి, కృష్ణా జిల్లాల్లో కాలువ నీటికీ, అక్కడి మనుషులకూ చైనాలో చేసినలాంటి కొలత ఏటా జరగాలి.